ఏటేటా మూడవవంతు

షెఫీల్డు అను పేరు తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. మన తాతలనాటి మంగలిపొదిలోని కత్తిమీదను, దొరల కొలువు చేసివచ్చినవారి యిండ్లలోని చెంచాల వెనుకను ఆ యూరిపేరు చెక్కబడి యుండెడిది. మూసలో ఉక్కు కరగించు విద్యను 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారములవాడు అక్కడ నెలకొల్పెను. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు కమ్మరులు అంతకు ఎన్ని తరములముందో మూసలోనే ఉక్కు కరగించి పారశీక వర్తకులకు ముద్దలు ముద్దలుగా అమ్ముచుండిరి గనుక, ఆ యూరికిని మనకును దూరపు చుట్టరికమున్నదని ఒకింత అతిశయముతో చెప్పుకొన్నను తప్పులేదు. ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున, యార్కుషైరు సీమలో, కొండలమీదను లోయలలోను పరచుకొనియున్న ఆ నగరమునకు 2021 జనగణన ప్రకారము జనాభా 5 లక్షల 56 వేలు. దాని టౌనుహాలు శిఖరముపై రోమనుల అగ్నిదేవుడును, కమ్మరుల కులదైవమును అగు వల్కను దాగలిపై కాలుమోపి నిలిచియున్నాడు. 1897 మే 21వ తేదీన విక్టోరియా రాణి ఆ భవనమును ప్రారంభింప వచ్చినపుడు బండి దిగనేలేదట. బండిలోనే అమర్చిన తాళములో చెవి త్రిప్పగా దూరమునున్న ద్వారము తెరచుకొన్నదట. ప్రభువులు బండి దిగకయే తలుపులు తెరిపించుకొనిన ఆ సౌధములోనికి, వీధిలో నడచిపోవు సామాన్యుని మాట ఏ దారిని ప్రవేశించునో, ఎంత ఆలస్యముగా ప్రవేశించునో చూపుటయే ఈ వ్యాసపు పని.

ఆ సౌధములో కూర్చుండు నగరసభ మనమనుకొన్నంత ప్రాచీనమైనది కాదు. ఇంగ్లండులో పురపాలకసంఘములను సంస్కరించి, పన్ను చెల్లించువారిచే ఎన్నుకొనబడు సభలుగా వానిని మార్చిన చట్టము 1835లో పుట్టినది. కత్తులపనివారి శ్రేణియు, కొన్ని ధర్మకర్తల మండలులును తలకొక పని పంచుకొని ఊరు నడుపుచుండిన షెఫీల్డునకు ఆ చట్టము వలన పురపాలక హోదా 1843లో దొరికెను. కొద్ది యేండ్లలోనే, శ్రామికులకు ఓటుహక్కు కోరిన చార్టిస్టు ఉద్యమపు నాయకుడు ఐజాక్ ఐరన్‌సైడు ఆ సభలో ప్రవేశించి, ఏ వార్డు సంగతి ఆ వార్డు జనమే కూడి తేల్చుకొనవలెనని వార్డు సమావేశములు పెట్టించెను. స్త్రీలకు ఓటు కావలెనని 1851లోనే సంఘము కట్టి ప్రభువుల సభకు విన్నపము పంపిన స్త్రీలును ఈ ఊరివారే. 1926లో కార్మికపక్షము, అనగా లేబరు పార్టీ, ఈ నగరసభను హస్తగతము చేసికొనినది. ఇంత పెద్ద నగరమొకటి ఆ పక్షమునకు దక్కుట ఇంగ్లండులో అదియే మొదలు. మన దేశమున 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానము వెలువరించిన రిపన్ ప్రభువు యార్కుషైరు సీమవాడే. రాజప్రతినిధి పదవి తీరినపిమ్మట స్వదేశమున రిపన్ అను చిన్న యూరికి మేయరుగా కూడ ఉండెను. కాబట్టి మన మునిసిపాలిటీలకు నారు పోసిన మడి ఆ ప్రాంతమే యనవచ్చును.

నగరసభ చేయు పనులలో కొన్ని మనకు తెలిసినవే: రోడ్లు, చెత్త, ఉద్యానములు, గ్రంథాలయములు, ఇండ్లప్లానుల మంజూరు. తెలియనిది, ఖర్చులో సింహభాగమును మ్రింగునది మరియొకటి కలదు. వృద్ధులకును అంగవికలులకును ఇంటివద్ద జరుపు పరిచర్యయు, దిక్కులేని బిడ్డల పోషణయు నగరసభ బాధ్యతలే. మన కుటుంబములలో కోడండ్రును కూతుండ్రును మాటలేకుండ మోయుచుండు బరువును అక్కడ నగరసభ జీతమిచ్చి మోయించుచున్నది. ఓటరు దృష్టిలో పడునది గుమ్మము ముందరి చెత్తడబ్బా, బొక్కసమును ఖాళీచేయునది తలుపు వెనుకనున్న ముసలితనము. అక్కడి రాజకీయములో సగము చిక్కు ఈ రెంటి నడుమనే యున్నది. ఇక ఇంటిపన్ను సంగతి ఒక వినోదము. 1991 ఏప్రిల్ 1వ తేదీన ఇల్లు ఎంత వెల పలికియుండునో, ఆ లెక్కపై నేటికిని పన్ను వేయుదురు. నిన్న కట్టిన యిల్లైనను, ఆనాడు ఉండియుండినచో ఏమి పలికియుండెడిదో ఊహించి తరగతి నిర్ణయించుట తర్కశాస్త్రజ్ఞులు కూడ మెచ్చదగిన విన్యాసము.

నగరమునకు వార్డులు 28. వార్డునకు ముగ్గురేసి చొప్పున కౌన్సిలర్లు 84 మంది. ఒక్కొక్కరి పదవీకాలము 4 ఏండ్లు. ఇంతవరకు సులభమే. కాని ఈ ముగ్గురును ఒకమారే ఎన్నుకొనబడరు. వరుసగా మూడేండ్లు, ఏటేటా మే నెల మొదటి గురువారమున, వార్డునకు ఒకరు చొప్పున 28 మంది పదవి విడిచి తిరిగి జనము ముందు నిలువవలెను. నాలుగవ యేడు ఎన్నిక లేదు, బీడు. తాటాకుల పాకకు కప్పంతయు ఒక్కనాడు పీకక, ఏటేటా మూడవవంతు ఆకు మార్చుకొనుచు పోవు గృహస్థుని నేర్పు వంటిది ఇది. వాన ఎప్పుడును పూర్తిగా లోపలికి రాదు. అట్లే, కుళ్ళిన ఆకు పూర్తిగా బయటికిని పోదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను, ఏలయనగా ముందు చెప్పబోవు కథకంతకు ఇదియే కీలకము.

అభ్యర్థిగా నిలుచుట కష్టము కాదు. ధరావతు లేదు. ప్రతిపాదించువారొకరు, బలపరచువారొకరు, ఆ వార్డు ఓటర్లు ఇద్దరు చేవ్రాలు చేసిన చాలును. ఖర్చునకు మాత్రము కట్టుదిట్టము కలదు: 960 పౌండ్లును, పైని ఓటరు ఒక్కొక్కరికి 8 పెన్నీలును మించరాదు. 14 వేల ఓటర్లున్న వార్డులో అది 2,080 పౌండ్లగును. ఆ సొమ్ముతో కరపత్రములు అచ్చువేయించుటకు సరిపోవునేగాని, ఊరేగింపులు, లారీలు, బిరియానీపొట్లములు అను మాట తలపెట్టుటకైనను వీలులేదు. కావున ప్రచారమంతయు కాళ్ళమీదనే జరుగును. సాయంకాలము పనులనుండి వచ్చినపిదప ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు ఓటర్లపట్టీ చేతబట్టి, కొండవీధులు ఎక్కి దిగుచు, తలుపు తట్టి, పలికినవారి మొగ్గు ఎటున్నదో గుర్తులు వ్రాసికొనుచు పోవుదురు. తలుపునకు అమర్చిన తపాలా సందులో కరపత్రము దూర్చునపుడు లోపలి కుక్క వ్రేళ్ళు కొరుకకుండ చెక్కగరిటెతో దానిని నెట్టుట అనుభవజ్ఞుల యుపాయము. ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు: లేబరుకు ఎరుపు, కన్సర్వేటివులకు నీలము, లిబరల్ డెమోక్రాట్లకు పసుపు, గ్రీనులకు పేరే రంగు. ఆ రంగు గుడ్డపువ్వును రొమ్మున గ్రుచ్చుకొనినచో వేషము పూర్తియైనట్లే.

పోలింగునాడు ఉదయము 7 గంటలకు తెరచిన తలుపు రాత్రి 10 గంటలకుగాని మూయబడదు. స్థలము ఏ పాఠశాలయో, చర్చి ప్రక్క హాలో, అప్పుడప్పుడు సారాయంగడి వెనుక గదియో! మన యెన్నికలనాడు సారాయంగడులకు తాళములు వేయుదుము. అక్కడ కొన్నిచోట్ల వానియందే పెట్టె పెట్టుదురు. ఏది మేలో పెద్దలు నిర్ణయింతురుగాక. గుమ్మమువద్ద కుక్కను కట్టివేసి లోనికి పోవువారు ఎందరో. లోపల ఒక బల్ల, ఇద్దరు గుమాస్తాలు, పేర్లపట్టీ. పేరు చెప్పగానే పట్టీపై స్కేలుంచి పేరు కొట్టివేసి కాగితమిత్తురు. పలుచని చెక్కలతో అమర్చిన అరలో, దారముతో కట్టిన పెన్సిలు వ్రేలాడుచుండును. దానితో ఇష్టమైన పేరు ప్రక్క అడ్డగీతలు రెండు గీచి, కాగితము మడచి పెట్టెలో వేసి రావలెను. వ్రేలికి సిరా లేదు, యంత్రము లేదు, తుపాకి పట్టిన జవాను లేడు. పెన్సిలు గీత చెరిపివేయుదురేమో అని శంకించువారు జేబులో కలము తెచ్చుకొనవచ్చును, దానికిని అభ్యంతరము లేదు.

ఈ రహస్యపు ఓటును తెచ్చినది 1872 నాటి చట్టము. దాని క్రింద మొట్టమొదటి ఓటు పడినది ఆ యేటి ఆగస్టు 15న, షెఫీల్డునకు ఉత్తరమునున్న పాంటిఫ్రాక్టు అను చిన్న పట్టణమున జరిగిన పార్లమెంటు ఉపయెన్నికలో. అతిమధురపు బిళ్ళలకు పేరుపడిన ఆ యూర, ఆ బిళ్ళలపై వేయు మిఠాయి కర్మాగారపు ముద్రతోనే పెట్టెకు లక్క వేసిరట. మన వైద్యులు దగ్గునకిచ్చు అతిమధురపు వేరు ఆంగ్లేయుల రహస్య ఓటునకు సాక్షి సంతకము చేయుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

గుర్తింపు చీటీ చూపవలెనను నియమము అక్కడ నిన్నమొన్నటిది. 2022 నాటి చట్టము వలన 2023 మే నుండి ఫోటో ఉన్న పత్రమొకటి చూపనిదే ఇంగ్లండు పోలింగు గదిలో కాగితమీయరు. అంతకు పూర్వము పేరును చిరునామాను నోటితో చెప్పిన చాలును! ఇక్కడ మనవారికి సంబంధించిన విశేషమొకటి కలదు. ఆ దేశమున నివసించుటకు అనుమతి కలిగిన కామన్‌వెల్తు పౌరులందరికిని ఓటుహక్కు ఉన్నది. అందుచే షెఫీల్డు విశ్వవిద్యాలయములలో చదువుకొనుచున్న మన గుంటూరు కుఱ్ఱవాడైనను, అక్కడి ఆసుపత్రిలో నర్సుపని చేయుచున్న ఖమ్మము వనితయైనను, భారత పౌరసత్వము వదలుకొననవసరము లేకయే, పేరు నమోదు చేయించుకొని నగరసభకే కాదు, పార్లమెంటుకు సైతము ఓటు వేయవచ్చును. నాలుగు సింహముల ముద్రగల మన పాస్‌పోర్టే అక్కడ చెల్లు గుర్తింపు పత్రము. అభ్యర్థిగా నిలువవలెనన్న మాత్రము శాశ్వతనివాసపు అనుమతి కావలెను. ఈ సంగతి తెలియక, వీసా చేతనున్న యేండ్లన్నియు ఓటు లేనివారివలె గడపి తిరిగివచ్చువారు మనలో అనేకులు.

లెక్కింపు పెద్ద క్రీడాశాలలో జరుగును. మొదట పెట్టెలోని కాగితములు పోలింగు గదిలో ఇచ్చినన్నియే ఉన్నవా అని సరిచూతురు. పిమ్మట పేరుపేరున వేరుపరచి కట్టలు కట్టుదురు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలిచినట్లు, సగమునకు మించవలెనను నియమము లేదు. సరిసమానముగా వచ్చినచో చీటియో పుల్లయో తీయవలసినదే. 2017లో నార్తంబర్లండు కౌంటీలోని సౌత్ బ్లైతు అను స్థానమున ఓట్లు సమానమై, రెండు పుల్లలు పట్టి లాగగా పొడుగుపుల్ల లిబరల్ డెమోక్రాటునకు వచ్చినది. తమకు వచ్చిన పుల్ల పొట్టిదైన కారణమున కన్సర్వేటివులకు ఆ కౌంటీసభలో పూర్తి ఆధిక్యము తప్పిపోయినది.

గెలిచిన 84 మందిలో రాజ్యమేలువారెవరన్న ప్రశ్న మిగిలియున్నది. ఎఱ్ఱ అంగీయు బంగారు గొలుసును ధరించి కనబడు లార్డు మేయరు ఏడాదికొకరు మారు ఉత్సవవిగ్రహము. అధికారము అతనిది కాదు. పూర్వము నగరసభ పనులన్నియు సంఘములుగా, అనగా కమిటీలుగా కూర్చుండి అన్ని పక్షములవారును కలిసి నడుపుచుండెడివారు. 2000 నాటి చట్టము దానిని మార్చి, నాయకుడును పదిమందికి మించని మంత్రివర్గమును మాత్రమే నిర్ణయములు చేయునట్లు ఏర్పాటు చేసెను. మిగిలిన డెబ్బదిమందికి పైగా కౌన్సిలర్లు ప్రశ్నించుటకును, చేతులెత్తుటకును, తమ వార్డువారి తిట్లు వినుటకును మిగిలిరి. పని వడిగా సాగునని ఈ మార్పునకు చెప్పిన కారణము. సాగినది, తప్పుపని కూడ అంత వడిగానే సాగినది.

2012లో నగరసభ ఆమీ అను కంపెనీతో 25 ఏండ్లకు, దాదాపు 220 కోట్ల పౌండ్లకు, ఊరి రోడ్లన్నియు బాగుచేయించు ఒడంబడిక చేసికొనెను. రోడ్లు నిజముగనే గుంతలమయమై యుండుటచే దానిని తప్పుపట్టినవారు తక్కువ. కాని కాలిబాటల వెంబడి నూరేండ్లనాడు నాటిన నిమ్మచెట్లు, అనగా మన నిమ్మ కాదు, లైము అని వారు పిలుచు నీడచెట్లు, ఎల్ముచెట్లు, చెర్రీచెట్లు వీధివీధిని ఉండెడివి. వేళ్ళు కాలిబాటరాళ్ళను ఎత్తుచున్నవను కారణమున ఆరోగ్యముగానున్న చెట్లును గొడ్డలికి ఎక్కినవి. ఒడంబడికలోని రహస్యపు పుటలు 2018లో బయటపడినపుడు, 36 వేల వీధిచెట్లలో 17,500 తొలగించవలెనను లెక్క అందు కనబడెను. చెల్సీ రోడ్డులోని ఒక ఎల్ముచెట్టుపై అరుదైన యొక జాతి సీతాకోకచిలుకలు కాపురముండెడివి. ఆ చెట్టుకొఱకు మనుష్యులు చెట్టు మొదలుచుట్టు కావలి కాసిరి.

2016 నవంబరు 17వ తేదీన, తెల్లవారకముందే, చలిలో, రస్ట్‌లింగ్సు రోడ్డు నివాసులు తలుపు చప్పుళ్ళకు మేల్కొనిరి. దొంగలు కారు, పోలీసులు. చెట్లు నరుకవలసియున్నది, మీ కార్లు తీయుడు అని వారు చెప్పుచుండగనే దీపములు వెలిగినవి, రంపములు మొదలిడినవి. తెల్లవారుసరికి ఎనిమిది చెట్లు నేలగూలెను. అడ్డుపడిన వారిలో డెబ్బది యేండ్ల ముదుసలి వనితలిద్దరిని అరెస్టు చేసిరి. ఏ చట్టము క్రింద? కార్మిక సంఘముల సమ్మెలను అదుపు చేయుటకు వ్రాసిన చట్టము క్రింద! సమ్మెలకు పుట్టినిల్లయి, కార్మికపక్షమును గద్దెనెక్కించిన నగరమున, ఆ పక్షము పాలించుచుండగా ఇది జరిగెను. ఆ కేసులు పిమ్మట వీగిపోయినవి. అయినను ఆనాటి చీకటి ఆ యూరి మనసునుండి చాలకాలము తొలగలేదు.

ఇప్పుడు మన పాకకప్పు సంగతి స్మరింపవలెను. వార్డుల సరిహద్దులు మార్చిన కారణమున 2016 మేలో మాత్రము 84 స్థానములకును ఒకేసారి ఎన్నిక జరిగినది. లేబరుకు 57 వచ్చినవి. ఆ తరువాత ఆరు నెలలకు రస్ట్‌లింగ్సు రోడ్డు. మరుసటి యేడు 2017, బీడు సంవత్సరము, ఓటు లేదు. కోపము ఎంత మండుచున్నను 18 నెలలు నోరు మూసికొని వేచియుండవలసినదే. 2018లో ఓటు వచ్చినది గాని మూడవవంతు స్థానములకే: లేబరు 53కు దిగినది. 2019లో 49. 2020 ఎన్నికను కోవిడు మ్రింగినది. 2021లో 41. సగము 42 గనుక, ఒక్కటి తక్కువై ఆధిక్యము పోయినది. ఆ యెన్నికలో నగరసభ నాయకుడే హిల్స్‌బరో వార్డులో గ్రీను అభ్యర్థి చేతిలో ఓడిపోయెను. 57, 53, 49, 41: మెట్లు దిగినట్లు, తొందరలేక, ఐదేండ్లు! మన యూళ్ళలో ఒక్క యెన్నికలో మేడనుండి వీధిలో పడుదురు. ఆవేశములో వేసిన ఓటు అనర్థము తెచ్చునను జ్ఞానులమాట నిజమే కావచ్చునుగాని, తెల్లవారకముందు నిద్రలేపబడినవానితో ఆ మాట చెప్పుటకు గుండె ధైర్యము కావలెను.

ఐతే ఆ యూరివారు పక్షమును మార్చుటకై మెట్టుమెట్టుగా వేచియుండుటతో తృప్తిపడలేదు. ఆలోచించినకొలది వారికి తోచినదేమనగా, చెడ్డవారు గద్దెనెక్కుట గాక, గద్దె మిక్కిలి ఇరుకుగానుండుటయే రోగమని. 84 మందిలో పదిమందికే నిర్ణయాధికారమున్నపుడు, మన వార్డు కౌన్సిలరు ఎంత మంచివాడైన నేమి? 2011 నాటి మరియొక చట్టములో ఓటర్లలో నూటికి ఐదుగురు సంతకము చేసినచో పరిపాలనావిధానము మార్చుటపై ప్రజాభిప్రాయము అడుగక తప్పదను నిబంధన కలదు. దానిని పట్టుకొని చెట్లవారును చెట్లతో నిమిత్తములేనివారును కలిసి అంగళ్ళముందర, బస్సుస్టాపులవద్ద నిలిచి 20 వేలకు పైగా సంతకములు కూర్చిరి. 2021 మే 6వ తేదీన కౌన్సిలరు ఓటుతోపాటే ఈ ప్రశ్నకును కాగితమిచ్చిరి. నూటికి 65గురు పాత కమిటీల పద్ధతియే కావలెననిరి. విచిత్రమేమనగా 2012లో, నగరమునకు ప్రజలే నేరుగా ఎన్నుకొను సర్వాధికారి మేయరు కావలెనా అని ప్రభుత్వమే అడిగినపుడును నూటికి 65గురే వలదనిరి. ఒక్కని చేతిలో పగ్గములు పెట్టుట ఆ కమ్మరుల యూరికి ఏనాడును సరిపడలేదు కాబోలు.

2022 మే నుండి కమిటీలు మరల కూర్చుండినవి. గద్దె వెడల్పైనది, దానితోపాటు సమావేశములును, నివేదికలును, ఆవులింతలును పెరిగినవని చెప్పక తప్పదు. చెట్ల వ్యవహారముపై సర్ మార్కు లోకాక్ జరిపిన విచారణ నివేదిక 2023 మార్చిలో వెలువడి, నగరసభ ప్రజలను, న్యాయస్థానములను సైతము తప్పుదారి పట్టించినదని తేల్చెను. సభ క్షమాపణ చెప్పుకొనెను. అప్పటికి కూలిన చెట్లు 5 వేలకు పైబడినవి. ఇంత జరిగిన నగరమున సైతము, మామూలు యేట నగరసభ ఓటుకు కదలివచ్చువారు మూడింట ఒకవంతునకు కొంచె మటునిటు. ఓటర్లలోను మూడవవంతే!

ఎన్నిక ముగిసినపిదప కౌన్సిలరు ఏ శనివారము ఉదయమో వార్డు గ్రంథాలయములో ఒక బల్లవేసికొని కూర్చుండును. దీనిని వారు సర్జరీ అందురు. కత్తి కనబడదుగాని రోగులు వరుసగా వత్తురు. చెత్తడబ్బా రెండు వారములుగా ఎత్తలేదని ఒక ముసలమ్మ, పొరుగువాడు గోడ జరిపినాడని ఒక పెద్దమనిషి. వారి వెనుక, మా గుమ్మమువద్ద చెట్టువేళ్ళు కాలిబాటను ఎత్తుచున్నవి, నరికింపుడని చెప్పవచ్చిన ఒకాయనయు, ఆ చెట్టు జోలికి పోవలదు, కాలిబాటనే సవరింపుడని చెప్పవచ్చిన అదే వీధి ఇల్లాలును, ప్రక్కప్రక్క కుర్చీలలో, ఒకరినొకరు ఎరుగనట్లు కిటికీలోనికి చూచుచు తమతమ వంతుకొఱకు వేచియుందురు.